నేచర్ రిజర్వ్‌లో ప్రొక్లెయిన్ పెట్టి గడ్డి గీకేస్తున్నారు, ఇది ఒక పఫ్‌బాల్‌ని కాపాడటానికా?

స్కోనె_సైకిల్:

అందరికీ నమస్తే. నేను స్వీడన్‌లో, లుండ్‌లో ఉంటాను. సెలవు దొరికితే మా స్కోనె ప్రాంతంలో (స్వీడన్ దక్షిణ కొస) తూర్పు వైపుకి సైకిల్ మీద వెళ్తుంటాను. అక్కడ సముద్రానికి దగ్గర్లో ఇసుక గుట్టలు, వాటి మీద పొట్టి గడ్డి, అక్కడక్కడా పైన్ చెట్లు, మొత్తం నేచర్ రిజర్వ్. ఈసారి వెళ్లేసరికి ఒక గుట్ట వాలు మీద ప్రొక్లెయిన్ పని చేస్తోంది. పచ్చగా ఉన్న గడ్డిని వేళ్లతో సహా గీకేసి బండికెత్తుతున్నారు, కింద లేత రంగు ఇసుక బయటపడి ఉంది. కాస్త అవతల పైన్ చెట్లు కొట్టేసి మోళ్లు కూడా పీకేశారు. చూస్తే ఎవరో ఇళ్లు కట్టడానికి చదును చేస్తున్నట్టుంది. కానీ బోర్డు మీద ఇది పరిరక్షణ పని అని రాసి ఉంది, దీనివల్ల మేలు జరిగే జీవుల్లో ఒక పఫ్‌బాల్ పుట్టగొడుగు బొమ్మ కూడా వేశారు, అది రెడ్ లిస్ట్‌లో, అంటే ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఉందట.

నాకు తెలిసి పుట్టగొడుగు అంటే తేమ కావాలి, నీడ కావాలి, కుళ్లిన ఆకులు కావాలి. దాని కోసం ఎండకి మాడిపోయే ఉత్త ఇసుక తయారు చేయడం ఏంటి? పైగా అది నేల లోపల బతికేది కదా, యంత్రంతో గీకేస్తే ఉన్నది కూడా పోదా?

ఇంకో విషయం. గీకిన చోటు అంచున గోలీ కంటే కాస్త పెద్ద బంతి ఒకటి కనిపించింది, బూడిద కలిసిన గోధుమ రంగు, వేరు లేదు, గాలికి కదులుతోంది. పైన చిన్న చిల్లు ఉంది, వేలితో తాకితే అందులోంచి గోధుమ రంగు పొడి లేచింది. ఇదేనా అది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. ఆ చోటంటే నాకు చాలా ఇష్టం, పాడైపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇసుకనేల:

టెన్షన్ పడకండి, మీరు చూసింది పాడుచేయడం కాదు, చాలా ఏళ్లుగా పాడవుతూ వచ్చినదాన్ని సరిచేయడం. కొంచెం పెద్ద పోస్టే అవుతుంది, ఓపికగా చదవండి.

ఆ నేలని స్వీడన్‌లో సాండ్‌స్టెప్ అంటారు. ఆ దేశంలో ఇది ముఖ్యంగా తూర్పు స్కోనెలో ఉంది, కొంచెం ఓలాండ్ దీవిలో ఉంది, అంతే. యూరోపియన్ యూనియన్ 1992లో తెచ్చిన హ్యాబిటాట్స్ డైరెక్టివ్‌లో దీనికి 6120 అనే కోడ్ ఇచ్చి, ముందుగా కాపాడాల్సిన నేలల్లో చేర్చారు. దీని ప్రత్యేకత ఏంటంటే, ఇసుకలో సున్నం ఉండటం. మంచు యుగంలో హిమానీనదాలు సున్నపురాయిని నూరి ఈ ఇసుకలో కలిపేశాయి. సున్నం ఉన్న పొడి ఇసుకలో భాస్వరం మొక్కలకి సరిగ్గా అందదు, నీరు నిలవదు, అందుకని ఏపుగా పెరిగే గడ్డి అక్కడ నెగ్గలేదు. నెగ్గేవి కోలేరియా గ్లాకా లాంటి నీలి బూడిద రంగు గడ్డి దుబ్బులు, అంచులు చీలిన తెల్ల పూల డయాంథస్ అరెనేరియస్, ఇంకా ఈ పఫ్‌బాల్స్. వీటిలో చాలా జీవుల అసలు ఇల్లు హంగేరీ, ఉక్రెయిన్ వైపు ఉన్న పొడి గడ్డినేలలు. స్కోనె వాటికి ఉత్తరం వైపు పొలిమేరల్లో ఒకటి.

అసలు చిక్కు వానతో వస్తుంది. ఏటా పడే వాన పై పొర ఇసుకలోని సున్నాన్ని కొంచెం కొంచెంగా కరిగించి కిందికి తీసుకుపోతుంది. నేలని ఎవరూ కదపకపోతే పై పొర ఆమ్లంగా మారుతుంది. సున్నం ఉన్న ఇసుక పీహెచ్ 7 పైన ఉంటే, సున్నం కడిగేసుకుపోయిన ఇసుక 5 దాకా కూడా దిగుతుంది. ఫీల్డులో పనిచేసేవాళ్లు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసాలో పెట్టుకుని తిరుగుతారు. ఇసుక మీద ఒక చుక్క వేస్తే, సున్నం ఉంటే బుసబుసమని నురగ వస్తుంది, లేకపోతే ఆ చుక్క చప్పుడు లేకుండా ఇంకిపోతుంది. గడ్డి దట్టంగా, పచ్చగా ఉన్న చోట పైన వేసి చూడండి, ఏమీ రాదు. అక్కడే గొయ్యి తీసి అడుగున వేస్తే నురగ వస్తుంది. ప్రొక్లెయిన్ వచ్చింది ఆ కింది ఇసుకని పైకి తేవడానికే.

మరి ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది అంటారా? నేల కదులుతూ ఉండేది కాబట్టి. అక్కడి రైతులు ఒక చెక్క నేలలో రై అనే ధాన్యం కొన్నేళ్లు వేసి, సారం అయిపోగానే ఏళ్ల తరబడి బీడు పెట్టి, ఇంకో చెక్కకి వెళ్లేవాళ్లు. బీడులో పశువులు మేసేవి, గాలి ఇసుకని ఎగరేసేది. 1749లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ స్కోనె అంతా తిరిగినప్పుడు ఎగిరే ఇసుక గురించి కూడా రాసుకున్నాడు. అప్పట్లో జనానికి అది పెద్ద బాధ, పొలాలు ఇసుకలో మునిగిపోయేవి, అందుకే తర్వాత పైన్ చెట్లు నాటి ఇసుకని కట్టేశారు. ఆ పని బాగానే సాగింది, ఎంత బాగా అంటే కదిలే ఇసుక మీద బతికే జీవులకి చోటే లేకుండా పోయింది. పైన్ రాలిన సూదులు నేలని మరింత ఆమ్లం చేస్తాయి. ఇసుకలో బొరియలు తవ్వే కుందేళ్లు రోగాలొచ్చి తగ్గాయి. వ్యవసాయం మారి కొన్ని చెక్కల్లో ఎరువులేసి ఏటా పంట, కొన్ని చెక్కల్లో అసలు ఏమీ లేదు. దీనికి తోడు పొలాల నుంచి, వాహనాల పొగ నుంచి గాలిలోకి వెళ్లే నత్రజని వానతో కిందికి దిగి, ఎవరూ వేయకుండానే ఎరువు వేసినట్టవుతోంది. అప్పుడు పొడవాటి ఓట్‌గ్రాస్ లాంటివి కమ్మేసి, కింద ఎండుగడ్డి పరుపులా పేరుకుంటుంది.

ఒక మాట చెప్పాలి, ఇప్పటికీ మంచి సాండ్‌స్టెప్ మిగిలిన చోట్లలో సైన్యం ఫైరింగ్ రేంజ్‌లు ఉన్నాయి, రావ్‌లుండా, రింకబీ లాంటివి. బండ్ల చక్రాలు, ట్యాంకుల పట్టాలు నేలని కదిపేస్తూ ఉండటం వల్ల. అక్కడ ఎరువు పడదు, చెట్లు నాటరు.

మాక్రో_లెన్స్:

పై పోస్ట్ చాలా బాగుంది, నేను పుట్టగొడుగు సంగతి చెప్తాను.

బోర్డు మీద ఉన్నది డిస్కిసీడా బొవిస్టా అయి ఉంటుంది, లేదా దాని చిన్న తోబుట్టువు డిస్కిసీడా కాండిడా. నాకు పఫ్‌బాల్స్ అన్నిట్లోకీ ఇష్టమైనది ఇదే, ఎందుకో చెప్తాను. ఇది మిగతావాటిలా నేల పైకి ఉబ్బి రాదు, ఇసుక లోపలే బంతిలా తయారవుతుంది. బయటి పొర నిండా ఇసుక రేణువులు అతుక్కుని గట్టి తొడుగులా ఉంటుంది. ముదిరాక ఆ తొడుగు నడుము దగ్గర చుట్టూ చిట్లుతుంది. కింది సగం ఇసుకలోనే ఉండిపోతుంది, పై సగం తొడుగుతో పాటు లోపలి సిద్ధబీజాల (విత్తనాల్లా పనిచేసే పొడి) సంచి ఊడి బయటికొస్తుంది. ఇప్పుడు సంచికి నోరు ఎక్కడ తెరుచుకుంటుందంటే, ఇంతకాలం నేలకి అంటుకుని ఉన్న అడుగు వైపు. అలాగే ఉంటే ఆ పొడి అంతా ఇసుకలోకే పోవాలి. కానీ పైన ఇసుక తొడుగు బరువు ఉంది కదా, గాలికి దొర్లేసరికి ఆ బరువు కిందికొచ్చి, తంజావూరు బొమ్మలాగా బంతి తిరగబడి నిలబడుతుంది, నోరు ఆకాశం వైపు. ఆ తర్వాత వాన చినుకు పడినా, ఏదైనా తగిలినా, ఒక్కో దెబ్బకి కాస్త పొడి బయటికి. మళ్లీ గాలొస్తే దొర్లుతుంది, ఇంకో చోట నిలబడుతుంది.

మీరడిగిన 'ఉత్త ఇసుక ఎందుకు' అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. ఎండుగడ్డి పరుపు మధ్య అది పైకి రావడమే కష్టం, వచ్చినా దొర్లడానికి దారి ఉండదు. తేమ సంగతంటారా, పుట్టగొడుగు అంటే మనకి కనిపించే భాగం మాత్రమే కదా, అసలు ప్రాణి ఇసుకలో దారాల్లా పాకి, చచ్చిన గడ్డి వేళ్లలాంటివి తింటూ ఉంటుంది. పైన ఎంత మాడినా కింద వేళ్ల దగ్గర దానికి సరిపోయే తేమ ఉంటుంది. పఫ్‌బాల్స్‌లో, వాటి బంధువుల్లో ఇలా పొడి నేలకి అలవాటుపడ్డవి చాలానే ఉన్నాయి. సన్నటి కాడ మీద గుండీలా నిలబడే టులోస్టోమాలు, చిన్న ఎర్త్‌స్టార్లు, లైకోపెర్డాన్ డెసిపియెన్స్, ఇవన్నీ ఇలాంటి సున్నపు పొడి గడ్డినేలల్లో ఉండేవే. ఒకటి దొరికిన చోట చుట్టూ వెతికితే ఇంకోటి దొరుకుతుంది.

ఇక మీరు చూసిన బంతి. అది డిస్కిసీడా అని ఇప్పుడే అనలేం. బొవిస్టా ప్లంబియా అని మామూలు గడ్డిలో విరివిగా ఉండేది ఒకటుంది, సీసం రంగులో, గోలీ సైజులో, అది కూడా నేల నుంచి ఊడి గాలికి దొర్లుతుంది, దానికీ పైన చిల్లే. తేడా పట్టుకోవాలంటే అడుగు చూడాలి. బొవిస్టా ప్లంబియా అడుగున కాగితంలా నున్నగా ఉంటుంది, మహా అయితే కాస్త మట్టి ముద్ద. డిస్కిసీడాకి ఇసుక రేణువులతో అల్లిన పళ్లెం లాంటిది స్పష్టంగా అతుక్కుని ఉంటుంది, గోరుతో గీకినా తేలిగ్గా రాదు. డిస్కిసీడా బొవిస్టా, డిస్కిసీడా కాండిడా రెండిట్లో ఏదన్నది మాత్రం సూక్ష్మదర్శినిలోనే ఖాయం అవుతుంది, డిస్కిసీడా బొవిస్టా సిద్ధబీజాలు పెద్దవి, వాటి మీద బొడిపెలు ముతకగా ఉంటాయి.

ఫోటో ఉందా? లేకపోతే మళ్లీ వెళ్లినప్పుడు తీయండి. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తిప్పి అడుగు ఒకటి, పక్కన ఒక నాణెం పెట్టి. తీశాక ఎక్కడ ఉందో అక్కడే పెట్టేయండి.

పచ్చగడ్డి:

అన్నీ బాగానే చెప్పారు గానీ నాకొక అభ్యంతరం ఉంది, కోపం తెచ్చుకోకండి. మనిషే నాటాడు, మనిషే కొట్టేస్తున్నాడు, మనిషే ఎరువేశాడు, మనిషే గీకేస్తున్నాడు. ప్రకృతిని దాని మానాన వదిలేస్తే అడవి అవుతుంది, అడవి అయితే తప్పేంటి? ఆ అడవిలోనూ పుట్టగొడుగులు వస్తాయి కదా. ఇంకా ఆయన అడిగిన రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. గీకేసిన పై పొరలోనే కదా ఆ దారాలన్నీ ఉండేది? కాపాడాల్సిన ప్రాణినే బండికెత్తి పంపేస్తే ఎలా?

ఇసుకనేల:

పచ్చగడ్డి గారూ, కోపం ఎందుకండీ, అడగాల్సిన ప్రశ్నే.

రెండోది ముందు చెప్తాను, ఎందుకంటే అందులో మీరన్నది నిజం. గుట్ట మొత్తం ఒకేసారి గీకేస్తే అక్కడున్న పఫ్‌బాల్ కూడా పోతుంది, అలా చేయడం ఘోరమైన పని. చేయాల్సిన పద్ధతి వేరు. ముందు సర్వే చేసి అరుదైనవి ఎక్కడెక్కడ బతికి ఉన్నాయో గుర్తిస్తారు, ఆ చోటుని ముట్టుకోరు. దాని పక్కన, సున్నం పోయి గడ్డి కమ్మేసిన చెక్కని తెరుస్తారు, బతికున్న చోటు నుంచి సిద్ధబీజాలు గాలికి వచ్చి పడేంత దగ్గరలో. కొన్నేళ్లకి ఇంకో చెక్క. అంటే పాత రైతులు బీడు పెట్టి చెక్కలు మార్చినట్టే, ఇప్పుడు యంత్రంతో. గీకిన గడ్డిని, పై మట్టిని అక్కడే కుప్ప వేయకుండా బయటికి తరలించడం కూడా తప్పనిసరి, లేకపోతే అందులోని నత్రజని మళ్లీ అదే నేలలోకి దిగుతుంది. స్కోనె_సైకిల్ గారు 'బండికెత్తుతున్నారు' అని రాయగానే నాకు సగం ధైర్యం వచ్చింది. సరిగ్గానే చేస్తున్నారన్నమాట.

ఇక అడవి సంగతి. అడవి పుట్టగొడుగులకి స్వీడన్‌లో చోటు కొదవ లేదు, దేశంలో సగం కంటే ఎక్కువ నేల అడవే. సున్నపు ఇసుక నేల మాత్రం చిన్న చిన్న ముక్కలుగా మిగిలింది. ఆ ముక్కల మీద పైన్ పెరిగితే వచ్చేది ఎక్కడైనా దొరికే అడవి, పోయేది ఇంకెక్కడా దొరకని నేల. పైగా 'దాని మానాన' అనే మాట ఇక్కడ అతకదు. గాలిలోంచి నత్రజని పడుతూనే ఉంది, ఊరి తోటల్లోంచి తప్పించుకున్న రోసా రుగోసా అనే తూర్పు ఆసియా ముళ్ల గులాబీ తీరం అంతా అల్లుకుపోతోంది, అడవి పశువుల మందలు ఎప్పుడో పోయాయి. మనం చేతులు కట్టుకుని కూర్చున్నా ఆ నేల మీద మన ప్రభావం ఆగదు.

ఇది స్కోనె ఒక్కదాని గొడవ కూడా కాదు. 2025 మార్చిలో ఐయూసీఎన్ (ప్రపంచ స్థాయి రెడ్ లిస్ట్ తయారుచేసే సంస్థ) లెక్క చెప్పినప్పుడు వాళ్లు పరిశీలించిన శిలీంధ్రాలు 1,300 దాటాయి, వాటిలో కనీసం 411 ముప్పులో ఉన్నాయి. ఎరువుల నుంచి, ఇంజన్ల పొగ నుంచి వచ్చే నత్రజని, అమోనియా వల్లే 91 జాతులకి ముప్పు అని తేల్చారు. పులికి, ఏనుగుకి ఎప్పుడో మొదలైన లెక్క పుట్టగొడుగులకి ఇప్పుడిప్పుడే మొదలైంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అది. లెక్కలో లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి.

గడ్డపార:

నేను క్రిస్టియన్‌స్టాడ్ దగ్గర ఉంటాను, ఇలాంటి పనుల్లో వాలంటీరుగా వెళ్తుంటాను. రెండు మూడు ముక్కలు కలుపుతాను.

2012 నుంచి 2018 దాకా సాండ్ లైఫ్ అని యూరోపియన్ యూనియన్ నిధులతో పెద్ద ప్రాజెక్టు నడిచింది, స్కోనె, హాలండ్ (నెదర్లాండ్స్ కాదు, స్వీడన్ పశ్చిమ తీరంలోది), ఓలాండ్ కలిపి 23 నాటురా 2000 ప్రాంతాల్లో, అంటే యూరోపియన్ యూనియన్ రక్షిత ప్రాంతాల్లో. చెట్లు కొట్టడం, ముళ్ల గులాబీ పీకడం, ఇసుక తెరవడం, తగలబెట్టడం అన్నీ చేశారు. ఆ గులాబీ పీకడం ఒక్కసారితో అయ్యే పని కాదండి, వేరు ముక్క మిగిలితే చాలు మళ్లీ లేస్తుంది, యంత్రం వెళ్లాక మనుషులు గడ్డపారలు పట్టుకుని ఏళ్ల తరబడి తిరగాలి.

పశువుల గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. మేపితే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. మేపడం అవసరమే, డెక్కలు నేలని కాస్త చిదుపుతాయి, గడ్డి పొట్టిగా ఉంటుంది. కానీ ఒకసారి సున్నం లోతుకి దిగిపోయాక ఆవు డెక్క ఎంత తొక్కినా అది పైకి రాదు. ఇంకోటి, మేసే పశువులకి బయటి నుంచి దాణా, ఎండుగడ్డి తెచ్చి అదే నేల మీద పెడితే ఆ సారమంతా పేడగా అక్కడే చేరుతుంది, అప్పుడు మేపి ప్రయోజనం లేదు.

తెరిచిన ఇసుకలో మొదట వచ్చేది పఫ్‌బాల్ అనుకోకండి. మొదట నేలలో గూడు చేసుకునే ఒంటరి తేనెటీగలు వస్తాయి, ఎండ తగిలే వాలు నిండా పెన్సిల్ దూరేంత చిల్లులు, ఒక్కోదాని ముందు చిన్న ఇసుక కుప్ప. తర్వాత అక్కడక్కడా గడ్డి దుబ్బులు. వాటి వేళ్లు కొన్ని చచ్చి నేలలో చేరితే గానీ పఫ్‌బాల్‌కి తిండి ఉండదు, కాబట్టి దానికి టైమ్ పడుతుంది. మొదటి ఏడాది చూసి ఎడారి చేశారని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను, అందుకే రాస్తున్నాను.

పచ్చగడ్డి:

దాణా సంగతి నాకు కొత్త, మంచి పాయింట్. చెక్కలు చెక్కలుగా చేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ సర్వే చేయకుండా యంత్రం దింపకూడదు అన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ఈ బంతులు ఏడాది పొడుగునా కనిపించవు కదా, వేసవిలో ఒకసారి వచ్చి చూసి ఏమీ లేదని రాసేస్తే?

మాక్రో_లెన్స్:

అవును, అది అసలైన చిక్కు. వేసవిలో గడ్డి, పూలు చూసే వాళ్లకి ఇవి దొరకవు. ఆకురాలు కాలం చివరి నుంచి వసంతం దాకా, గడ్డి అణిగి ఉన్నప్పుడు వెతకాలి. పాత బంతులు గట్టివి, నెలల తరబడి చెక్కుచెదరకుండా పడి ఉంటాయి, అదొక్కటి మన అదృష్టం. మోకాళ్ల మీద కూర్చుని, ఇసుక తేలిన చోట్ల, కుందేలు బొరియల ముందు, కాలిబాట అంచుల్లో చూడాలి. దొర్లుకుంటూ వచ్చి గుంటల్లో చేరతాయి కాబట్టి, ఒకటి దొరికితే గాలి వచ్చే వైపు వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి.

స్కోనె_సైకిల్:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఫోటో ఒకటుంది గానీ పైనుంచి తీసింది, అడుగు కనిపించదు. ఈ నెలాఖరుకి మళ్లీ వెళ్తాను. దొరికితే ఎవరికి చెప్పాలి? ఇంటికి తెచ్చుకుని చూడొచ్చా? స్వీడన్‌లో పుట్టగొడుగులు ఎవరైనా కోసుకోవచ్చు అంటారు కదా.

మాక్రో_లెన్స్:

మామూలు అడవిలో కోసుకోవచ్చు, అల్లేమన్స్‌రెట్టెన్ (ప్రకృతిలో తిరగడానికి అందరికీ ఉండే హక్కు) కింద అది కుదురుతుంది. నేచర్ రిజర్వ్‌లో మాత్రం ఒక్కోదానికి ఒక్కో నిబంధన, అక్కడి బోర్డు మీదే రాసి ఉంటుంది, చదివి దాన్నే పాటించండి. రెడ్ లిస్ట్‌లో ఉన్నదాన్ని తీయకపోవడమే మంచిది. తినే ఆలోచన కూడా వద్దు, ముదిరినదాంట్లో పొడి తప్ప ఏముండదు, లేతగా తెల్లగా ఉన్న పఫ్‌బాల్ అనుకుని విషపు అమానిటా మొగ్గ తినేసిన కేసులు ఉన్నాయి.

ఫోటోలు, ఖచ్చితమైన లొకేషన్, తేదీ ఆర్ట్‌పోర్టలెన్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి. స్వీడన్‌లో జీవుల పరిశీలనలన్నీ చేరేది అక్కడికే, రెడ్ లిస్ట్ తయారుచేసేవాళ్లు, రిజర్వ్ చూసుకునేవాళ్లు ఇద్దరూ అదే చూస్తారు. జాతి పేరు ఖాయంగా తెలియకపోతే డిస్కిసీడా అని ప్రజాతి వరకే రాయండి, తెలిసినవాళ్లు చూసి సరిచేస్తారు. పని జరుగుతున్న చోటు కాబట్టి బోర్డు మీద ఉన్న నంబరుకి కూడా ఫోన్ చేసి చెప్పండి, తర్వాతి చెక్క ఎక్కడ తెరవాలో నిర్ణయించే ముందే వాళ్లకి ఇది తెలియాలి.

గడ్డపార:

నెలాఖరున వెళ్లేటట్టయితే నాకు మెసేజ్ పెట్టండి, నేనూ వస్తాను. ఆమ్లం సీసా నేను తెస్తాను, మీరు లెన్స్ తీసుకురండి.